అనవసరం ఎవరికి?

భాషలో కొన్ని మాటలు మహా పెద్దమనుషుల్లా కనిపిస్తాయిగానీ, దగ్గరికెళ్ళి చూస్తే సగం మాట మింగేసి మాట్లాడుతూంటాయి. "అనవసరం" అనేది అలాంటిదే. "ఇది అనవసరం" అంటాం. ఎవరికి అనవసరమో చెప్పం, ఎన్నాళ్ళకి అనవసరమో చెప్పం. అనవసరపు ఖర్చని మగవాళ్ళూ, అనవసరపు సామానని ఆడవాళ్ళూ, అనవసరపు ప్రశ్నలని పిల్లలూ - ఎవరి జాబితా వాళ్ళకుంది. ఒకరి జాబితా ప్రకారం ఇంకొకరు ఇల్లు సర్దడం మొదలెడితే సాయంత్రానికి ఆ ఇంట్లో గోడలు తప్ప ఏమీ మిగలవు.

ఈ మాట గురించి నేనింత ఆలోచించడానికి కారణం ఆటలాడుకునే కంప్యూటరు. నవ్వకండి. వేదాంతం ఎక్కడ తగులుతుందో ఎవరు చెప్పగలరు?

మా అబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడి ఆటల కోసం కొన్న కంప్యూటరు మా హాల్లో ఓ మూల కొలువుతీరి ఉంటుంది. పెట్టెకి అద్దం తలుపు, లోపల రంగురంగుల దీపాలు, గిర్రున తిరిగే ఫ్యాన్లు - అచ్చం వినాయకచవితి పందిరే! ఆటల కోసం కొన్నదే అయినా ఇంటిల్లిపాదికీ అదొక్కటే. నా నవలలు అందులోనే టైపవుతాయి, మావారి కాగితాలు అందులోంచే ప్రింటవుతాయి. పొద్దున్నపూట, అబ్బాయి కాలేజీకి వెళ్ళాక, మా అత్తయ్యగారు అందులోంచే త్యాగరాజ కీర్తనలు వింటారు. అంచేత దాన్ని ఇంటికి ఉమ్మడి పనిమనిషి అనొచ్చు, జీతమిచ్చేది మావారైనా పెత్తనం చేసేది మావాడైనా.

ఓ ఆదివారం మావాడు దాని ముందు కూచుని చకచకా ఏవో ఆపేస్తున్నాడు. ఏమిట్రా అంటే, "వెనకాల అనవసరపు సర్వీసులు నడుస్తున్నాయమ్మా, ఇవన్నీ ఆపేస్తే ఆట ఇంకా స్పీడుగా నడుస్తుంది" అన్నాడు. వాడి చేతిలో స్నేహితుడిచ్చిన జాబితా ఒకటుంది. ఏవేవి ఆపాలో అందులో వరసగా రాసి ఉంది. ఆ స్నేహితుడు మా గుమ్మం తొక్కలేదు. మా ఇంట్లో ఎందరున్నారో, ఎవరేం చేస్తారో అతనికి తెలీదు. అయినా మా ఇంట్లో ఏది అనవసరమో అతనికి తెలుసు!

కంప్యూటరుతో పరిచయం లేనివాళ్ళ కోసం ఓ ముక్క చెప్పాలి. మనం తెరమీద తెరిచి చూసే ప్రోగ్రాములు కాక, తెర వెనక ఉండి పనిచేసేవి కొన్ని ఉంటాయి. వాటికి కిటికీ ఉండదు, బొమ్మ ఉండదు. విండోస్ కంప్యూటర్లో వాటన్నిటి పేర్లూ ఒకచోట వరసగా చూపించే పట్టిక ఉంది. నేనూ కూచుని చూశాను. రెండువందల పైచిలుకు! మా పెళ్ళికి పిలిచిన బంధువుల జాబితా కూడా అంత లేదు. ప్రతి పేరు పక్కనా అది ఎలా మొదలవుతుందో రాసి ఉంటుంది. "ఆటోమాటిక్" అంటే కంప్యూటరు వెలగగానే దానంతటది లేస్తుంది. "మాన్యువల్" అంటే ఎవరైనా పిలిస్తేనే లేస్తుంది, అంతదాకా నిద్రే. "డిసేబుల్డ్" అంటే ఎవరు పిలిచినా లేవదు. ఈ మూడో మాటకి తెలుగులో "వెలి" అనే మాట సరిపోతుందని నాకనిపించింది.

ఆ పట్టిక చదువుతూంటే నాకు నవలంత కాలక్షేపమయింది. ఫ్యాక్సు సర్వీసు ఒకటుంది, పాపం, ఈ రోజుల్లో కూడా. మాప్‌లు చూసుకునే సర్వీసుంది, హాల్లోంచి గడప దాటని కంప్యూటరుకి! షాపులో కొనేవాళ్ళకి చూపించేందుకు పనికొచ్చే సర్వీసు మరోటి, పెళ్ళయి పాతికేళ్ళయినా బీరువాలో దాచుకున్న పెళ్ళిచూపుల చీరలా ఇంటికొచ్చాక కూడా అందులోనే పడి ఉంది. పిల్లలమీద తల్లిదండ్రుల అజమాయిషీ అమలుజరిపే సర్వీసు కూడా ఉంది. మావాడు అన్నిటికంటే ముందు వెలివేసింది దాన్నే అని వేరే చెప్పాలా!

అసలు వీటివల్ల ఆటకి ఎంత నష్టమో లెక్కచూద్దామని కూచున్నాం. మా కంప్యూటరు మెమొరీ 16 జీబీ, అంటే పదహారువేల ఎంబీ పైచిలుకు. ప్రింటరుకి కాగితాలందించే సర్వీసు ఊరికే కూచున్నప్పుడు తీసుకునేది పట్టుమని పది ఎంబీ. గాదెలో గుప్పెడు గింజలు. నిద్రపోయేదైతే ఆ గుప్పెడూ ముట్టుకోదు. ఆట వేగం ఎక్కువగా ఆధారపడేది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మీదా, ప్రాసెసరు మీదానని మావాడే ఒప్పుకున్నాడు. మరెందుకురా ఈ ఆపడం అంటే, "ఏమోనమ్మా, వెనకాల ఏదో జరుగుతోందంటే చిరాగ్గా ఉంటుంది" అన్నాడు. నిజాయితీగల జవాబది. వాడికి కావలసింది వేగం కాదు, తన ఇంట్లో తనకి తెలియకుండా ఎవరూ తిరగడం లేదన్న భరోసా. అది తప్పు కోరికేం కాదు.

కాకపోతే ఆ చిరాకులో న్యాయం తప్పిపోయే అవకాశం ఉంది. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన సర్వీసొకటుంది. అప్పుడు దాన్ని సూపర్‌ఫెచ్ అనేవారు, ఇప్పుడు సిస్‌మెయిన్ అంటున్నారు. మనం రోజూ ఏ ప్రోగ్రాము తెరుస్తామో గమనించుకుని, మనం అడక్కముందే దాన్ని తెచ్చి ఖాళీగా ఉన్న మెమొరీలో పెట్టి ఉంచుతుంది. పిల్లాడు కాలేజీనించి వచ్చే వేళకి కంచం పెట్టి, మంచినీళ్ళు ముంచి ఉంచినట్టన్నమాట. ఎవరికైనా ఆ చోటు కావాలంటే తక్షణం ఖాళీ చేస్తుంది. మావాడికి కనిపించింది మాత్రం మెమొరీ నిండి ఉండటమొక్కటే. "దోచేస్తోంది" అన్నాడు. పాతకాలపు తిరిగే డిస్కున్న కంప్యూటర్లలో ఒక్కోసారి ఇది డిస్కుని ఊపిరాడనివ్వకుండా చేసి నిజంగానే ఇబ్బంది పెట్టేది. కొత్తరకం డిస్కులున్నచోట దీనివల్ల ఒరిగేదీ తక్కువే. అంచేత ఆపినా కొంప మునగదు. కానీ ముందే వడ్డించి పెట్టినవాణ్ణి దొంగ అనడం నాకు నచ్చలేదు.

యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లలో ఇలా తెరవెనక పనిచేసేవాటిని "డీమన్" అంటారు. దయ్యమనుకునేరు! 1963 ప్రాంతంలో అమెరికాలో, ఎమ్.ఐ.టి.లో ప్రాజెక్ట్ మాక్ అనేచోట పనిచేసినవాళ్ళు ఆ పేరు పెట్టారు. మాక్స్‌వెల్ 1867లో ఊహించిన చిట్టిభూతం వాళ్ళకి ప్రేరణ అని వాళ్ళలో పెద్ద, ఫెర్నాండో కార్బతో చెప్పారు. రెండు గదుల మధ్య చిన్న తలుపు దగ్గర ఆ భూతం కూచుంటుంది. వేగంగా వచ్చే అణువుల్ని ఒకవైపుకీ, మెల్లగా వచ్చేవాటిని ఇంకోవైపుకీ పంపుతూ, శ్రమ లేకుండానే ఒక గదిని వేడిగా, ఒక గదిని చల్లగా చేస్తుంది. శాస్త్రజ్ఞులు దీంతో వందేళ్ళు తల బద్దలుకొట్టుకున్నారు. లాండవర్ 1961లో చెప్పినదాన్నిబట్టి, జ్ఞాపకం పెట్టుకున్నది చెరపడానికి కూడా కొంత ఖర్చవుతుంది. భూతం కూడా చూసినవన్నీ ఎప్పుడో అప్పుడు చెరుపుకోవాలి కదా! అక్కడ పట్టుబడింది. అంటే ఉత్తపుణ్యానికి పనిచేసే భూతమేదీ లేదు. బి.ఏ. చదివిన నాకు ఫిజిక్సులో అర్థమయిన సంగతి ఇదొక్కటే. దీనికి ఇల్లాళ్ళందరూ సాక్ష్యం చెప్పగలరు.

గ్రీకు భాషలో ఆ మాట ఇంకా పాతది. సోక్రటీసుకి లోపలినించి ఒక స్వరం వినిపించేదట. అది ఎన్నడూ "ఈ పని చెయ్యి" అనేది కాదనీ, తప్పటడుగు వేయబోతే "వద్దు" అని మాత్రం ఆపేదనీ ప్లేటో రాశాడు. ఇంతకంటే చక్కని తెరవెనక సర్వీసు ఏముంటుంది? ఏథెన్సు నగరానికి ఆయనే ఒక తెరవెనక సర్వీసు. కునుకు పట్టనివ్వకుండా కుట్టే జోరీగలాంటివాణ్ణని తనే చెప్పుకున్నాడు. క్రీస్తుపూర్వం 399లో నగరంవాళ్ళు ఓట్లు వేసుకుని, మెజారిటీతో, ఆ సర్వీసు అనవసరమని తేల్చారు.

అలాగని ఉన్నవన్నీ ఉండనివ్వాలని నేనంటానా? అనను. 2021లో, ఇందాక చెప్పానే, ప్రింటరుకి కాగితాలందించే అమాయకపు సర్వీసు, అందులోనే ఓ పెద్ద కన్నం బయటపడింది. "ప్రింట్‌నైట్‌మేర్" అని దానికి పేరు కూడా పెట్టారు. ప్రింటు తియ్యని యంత్రాల్లో ఆ సర్వీసు ఆపేసుకొమ్మని అమెరికా ప్రభుత్వపు భద్రతాసంస్థే హెచ్చరించింది. అంతకుముందు 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, ఇరాన్ అణుకేంద్రంలో యంత్రాల్ని పాడుచేసిన ఆ పురుగు, ఒక యంత్రంనించి ఇంకోదానికి పాకడానికి వాడుకున్న దారుల్లో ఈ సర్వీసులోని లోపమొకటి. వాడని తలుపు తెరిచి ఉంచితే గాలే వస్తుందని ఏముంది? కాబట్టి ప్రింటరు లేని ఇంట్లో ఆ సర్వీసు ఆపడం బుద్ధిమంతుల పని. మా ఇంట్లో ప్రింటరుంది.

చెస్టర్‌టన్ అనే ఇంగ్లీషు రచయిత 1929లో వచ్చిన ఓ పుస్తకంలో దీనికి సరిపోయే ఉదాహరణ రాశాడు. దారికి అడ్డంగా ఓ కంచె ఉందనుకోండి. "దీనివల్ల ఉపయోగమేమీ కనబడటంలేదు, తీసిపారేద్దాం" అంటాడు ఒక సంస్కర్త. "నీకు ఉపయోగం కనబడకపోతే నిన్ను తియ్యనివ్వను. వెళ్ళి ఆలోచించుకునిరా. ఇదెందుకు వేశారో చెప్పగలిగిననాడు అప్పుడు చూద్దాం" అంటాడు తెలివైనవాడు. బాగుంది కదూ? చదవగానే నేనూ తలూపాను. తరవాత ఒక సందేహం వచ్చింది. ఆడదానిగా పుట్టాను గనక వచ్చిన సందేహమది. మన అమ్మమ్మల కాలంలో ప్రతి కంచెకీ ఈ మాటే చెప్పారు. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురుతిరిగినవాళ్ళకి ఆ కంచె ఉపయోగమేమిటో బాగా తెలుసు. తెలిసే ఉంచమన్నారు. ఉపయోగం ఉందా లేదా అని మాత్రమే అడిగితే కంచెలు ఎప్పుడూ గెలుస్తాయి. ఎవరికి ఉపయోగం, అవతలివైపు నిలబడ్డది ఎవరు - ఇదీ అడగాలి. కంచె తీసేటప్పుడూ అడగాలి, ఉంచేటప్పుడూ అడగాలి.

ఇప్పుడు మా అత్తయ్యగారి సంగతి చెప్పాలి.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. కంప్యూటరు భయం ఆవిడకి లేదు. తెరమీద మావాడు పెట్టి ఇచ్చిన తంబురా బొమ్మని రెండుసార్లు నొక్కితే కీర్తనలు మొదలవుతాయి. ఆవిడ గదిలో మంచం పక్కన గిన్నెంత స్పీకరు ఉంటుంది. తీగ లేదు, బ్లూటూతు. దాని మీట నొక్కితే నీలం దీపం వెలిగి పాట అక్కడ వినిపిస్తుంది. మధ్యలో బ్లూటూతు అనేదొకటి పనిచేస్తోందని ఆవిడకి తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. కొళాయి తిప్పేవాళ్ళందరికీ నీళ్ళ ట్యాంకు ఎక్కడుందో తెలుసా?

మావాడి జాబితాలో బ్లూటూతు సర్వీసు కూడా ఉంది. వాడి మౌసుకి తీగుంది, చెవులకి పెట్టుకునేదానికీ తీగుంది. "బ్లూటూతెవరు వాడతారు?" అనుకున్నాడు, ఆపేశాడు, "డిసేబుల్డ్" అని పెట్టాడు. ఆ సర్వీసు పేరు మీద నొక్కితే, దీన్ని ఆపితే ఇదివరకు కలిపినవి సరిగా పనిచెయ్యకపోవచ్చు, కొత్తవి కనబడవు అని వివరంగా రాసే ఉంది. రాసినవాళ్ళ తప్పేం లేదు. చదివే ఓపిక ఎవరికుంది?

సోమవారం పొద్దున్న అత్తయ్యగారు తంబురా బొమ్మ నొక్కారు, స్పీకరు మీట నొక్కారు, వెళ్ళి మంచమ్మీద కూచున్నారు. చప్పుడు లేదు. మంగళవారం, బుధవారం కూడా అంతే. గురువారంనాడు కూరలు తరుగుతూ నాకెందుకో ఇల్లు బోసిగా ఉన్నట్టనిపించి, వెళ్ళి చూస్తే ఆవిడ పాత వారపత్రిక పట్టుకుని కిటికీ దగ్గర కూచుని ఉన్నారు.

"పాటలు పెట్టుకోలేదా అత్తయ్యా?"

"రావట్లేదమ్మా" అన్నారు తాపీగా.

"మరి చెప్పలేదేం?"

ఆవిడ పత్రిక మడిచారు. "వాడి చదువుకీ ఆటకీ అడ్డమవుతోందేమో, అందుకే తీసేశారేమో అనుకున్నాను. పోనిద్దూ. రోజూ వినాలని ఏముంది?"

ఆ "ఏముంది"లో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. నాకు గుచ్చుకున్నది అదే. నాలుగు రోజులు ఆవిడ తనంతట తను ఆలోచించుకుని, ఈ ఇంట్లో తన అవసరం లెక్కలోకి రానిదని తీర్పు చెప్పుకుని, ఆ తీర్పుకి కట్టుబడి కూచున్నారు. ఆవిడ గొడవచేసుంటే పది నిమిషాల్లో సర్వీసు మళ్ళీ మొదలయ్యేది. గొడవచేసేవాళ్ళ అవసరాలు అవసరాలుగా నమోదవుతాయి. అడగనివాళ్ళకి అవసరం లేదనుకుంటాం. సంసారాల్లోనూ అంతే, ఆఫీసుల్లోనూ అంతే, దేశాల్లోనూ అంతే అని రాయబోయి ఆగాను. దేశాల సంగతి నాకెందుకు? మా హాల్లో సంగతే నాకు చాలినంత ఉంది.

సాయంత్రం అబ్బాయి వచ్చాక చెప్పాను. వాడి ముఖం వాడిపోయింది. "నానమ్మ వాడేది బ్లూటూతని నాకు తట్టలేదమ్మా. అసలు నానమ్మకే తెలీదు కదా అది బ్లూటూతని" అన్నాడు.

"తెలిసుంటే అడిగేదా?" అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. వెళ్ళి ముందు ఆ సర్వీసు మొదలుపెట్టాడు.

తమాషా ఏమిటంటే, వాడు అన్నిటినీ ఏరిపారేసిన ఆ ఆదివారంనాడు చెయ్యి వెయ్యని తెరవెనకవాడు ఒకడున్నాడు. "వాలరెంట్" అని ఓ తుపాకుల ఆట ఉంది. 2020లో అది వచ్చినప్పుడు "వాన్‌గార్డ్" అనే కాపలాదారుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆటలో మోసం చేసేవాళ్ళని పట్టడం వాడి ఉద్యోగం. ఆట ఆడినప్పుడే కాదు, కంప్యూటరు వెలిగినప్పటినించీ వాడు మేలుకుని ఉండేలా ఏర్పాటుచేశారు, అదీ గర్భగుడి లాంటి లోపలి చోట. ప్రపంచంలో ఆటగాళ్ళంతా గోలచేస్తే, కావాలంటే ఆపుకోండి, కానీ మళ్ళీ ఆడాలంటే కంప్యూటరు తిరిగి మొదలుపెట్టుకోవాలి అన్నారు. మోసగాళ్ళున్న ఆటలో కాపలా ఉండాలంటే నేనూ కాదనను. కానీ మావాడి లెక్కలో వాడు "అవసరం". ఎందుకంటే వాడి ఆట వాడికి అవసరం. మరి కంప్యూటరు ఎలా పనిచేస్తోందో ఎప్పటికప్పుడు తయారుచేసినవాళ్ళకి కబురుపెట్టే సర్వీసుంది. దాన్ని వాడు ఆపేశాడు. నేను మెచ్చుకున్నాను. మన ఇంట్లో తింటూ పొరుగింటికి పనిచేసేవాళ్ళ గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించడం న్యాయమే. ఇలా ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఎవరికోసం పనిచేస్తున్నావని అడుగుతూ పోతే రెండువందలకీ ఓ నెల పడుతుంది. జాబితా చూసి ఆపడానికి పావుగంట చాలు. మనుషులు జాబితాలవైపు మొగ్గడానికి కారణం దుర్మార్గం కాదు, టైము.

ఆ శనివారం మేమిద్దరం కూచుని, వాడు ఆపినవాటిని ఒక్కొక్కటే మళ్ళీ చూశాం. చాలావాటికి వాడు "డిసేబుల్డ్" తీసేసి "మాన్యువల్" పెట్టాడు. ఆటకి అడ్డురావు, ఎవరైనా పిలిస్తే లేస్తాయి. పిల్లలమీద అజమాయిషీ చేసేదాని దగ్గర కాస్త బేరమాడాడు, పందొమ్మిదేళ్ళవాడిమీద అజమాయిషీ ఏమిటని నేనే వదిలేశాను. కొన్నిటిమీద వాడి చెయ్యి అసలు పడనే లేదు. మిగతావాటిలో సగం ఆధారపడి ఉన్న సర్వీసొకటుంది, దాన్ని ఆపే మీటే పనిచెయ్యకుండా బిగించి పెట్టారు. అలాంటి వసతి మనుషుల్లో ఎవరికీ లేదు.

చివరికి ఫ్యాక్సు దగ్గర పేచీ వచ్చింది. మాకు ఫ్యాక్సు పంపేవాళ్ళెవరూ లేరు, మేం పంపేవాళ్ళూ లేరు. "ఇదన్నా వెలివెయ్యనీ అమ్మా" అన్నాడు మావాడు. అప్పటికే వాడు ప్రతిదానికీ ఇంటిల్లిపాదినీ అడగడం మొదలెట్టాడు, సగం భక్తితో, సగం నన్ను వేళాకోళం చెయ్యడానికి. గదిలోకి కేకేశాడు: "నానమ్మా, ఫ్యాక్సు తీసెయ్యనా?"

కీర్తన ఆగింది. "అదేం చేస్తోందిరా?"

"ఏం చెయ్యట్లేదు. నిద్రపోతోంది."

"నిద్రపోయేవాణ్ణి లేపి మరీ ఇంట్లోంచి పొమ్మంటావురా?" అని కీర్తన మళ్ళీ పెట్టుకున్నారావిడ.